బొగ్గు గనుల్లో రక్షణ సంస్కృతి

ప్రమాదాల విషయంలో ఒక గనిలో పనిచేసే వారందరికీ ఉమ్మడిగా అలవడిన నడవడిని, పట్టింపులను కలిపి రక్షణ సంస్కృతి అంటారు. అధికారి పక్కన లేనప్పుడు కార్మికుడు ఎలా పనిచేస్తాడు, చెడ్డ కబురు కింది నుంచి పైకి ఎంత త్వరగా చేరుతుంది, పని ఆపమన్న మనిషిని గనిలో ఏ కంటితో చూస్తారు అన్న వాటిని బట్టి దాన్ని అంచనా వేస్తారు. హెల్మెట్, బూట్లు, గని ముఖద్వారం మీది నినాదాలు ఉండి తీరాలి. అయితే అవి ఉన్నంత మాత్రాన సంస్కృతి ఉన్నట్టు కాదు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగాక అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహా బృందం ఇచ్చిన నివేదికతో ఈ భావన అన్ని పరిశ్రమలకూ పాకింది. బొగ్గు గనుల్లో మాత్రం దీని ఆనవాళ్లు అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే కనిపిస్తాయి. నేల అడుగున పక్కవాడి పొరపాటు తన ప్రాణం మీదికి వస్తుందని గని కార్మికుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెలుగు నేల మీద ఈ అనుభవమంతా సింగరేణిదే. గోదావరి లోయలో కొత్తగూడెం, ఇల్లందు, రామగుండం, మంచిర్యాల, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, భూపాలపల్లి ప్రాంతాల్లో గనిని ‘బాయి’ అంటారు. భద్రతను ‘రక్షణ’ అంటారు. ఏటా రక్షణ వారోత్సవాలు జరుగుతాయి.

చట్టాల చరిత్ర

భారతదేశంలో గనుల చట్టాలు ముందుచూపుతో వచ్చినవి కావు. 1897లో కోలార్ బంగారు గనిలో 52 మంది, 1899లో బెలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయారు. ఆ తర్వాతే 1901లో తొలి గనుల చట్టం చేశారు. 1902 జనవరి 7న కలకత్తాలో గనుల తనిఖీకి ఒక కార్యాలయం తెరిచారు. 1908లో అది ధన్‌బాద్‌కు మారింది. 1967 నుంచి దాని పేరు గనుల రక్షణ డైరెక్టరేట్ జనరల్. గనుల్లో అందరి నోటా వినిపించే డీజీఎంఎస్ ఇదే. 1923 చట్టం స్థానంలో 1952లో కొత్త గనుల చట్టం, 1957లో బొగ్గు గనుల నిబంధనలు వచ్చాయి.

ఆ నిబంధనల సిరా ఆరకముందే, 1958 ఫిబ్రవరి 19న బెంగాల్‌లోని చినాకురి గనిలో పేలుడు జరిగి 170 మందికి పైగా చనిపోయారు. యాజమాన్యాలు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం ఒకే బల్ల చుట్టూ కూర్చున్న తొలి గని రక్షణ మహాసభ ఆ ఏడాదే జరిగింది. ముగ్గురూ కలిసి రక్షణను చర్చించే త్రైపాక్షిక పద్ధతి అప్పటి నుంచి కొనసాగుతోంది. అయినా 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలా గనిలోకి పాత తవ్వకాల నీరు విరుచుకుపడి 375 మంది ప్రాణాలు తీసింది. దేశంలో ఇంతకన్నా పెద్ద గని ప్రమాదం లేదు.

సింగరేణి

భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొంది, 1889లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. 1990ల తొలి ఏళ్లలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య తర్వాత సగానికి పైగా తగ్గింది. ఉత్పత్తి మాత్రం పెరుగుతూ వచ్చి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల తరం వెళ్లిపోయింది. ఆ పనిలోకి ఎస్‌డీఎల్ యంత్రాలు, కంటిన్యూయస్ మైనర్లు, లాంగ్‌వాల్ వచ్చాయి.

యంత్రం వచ్చాక ప్రమాదం రూపు మారిందే కానీ పోలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, అదే ప్రాంతంలోని 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. 2021 నవంబర్‌లో శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ-3 గనిలో పైకప్పు నలుగురిని బలిగొంది. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు చనిపోయారు. సింగరేణి గనుల్లో ఆధునికమైన వాటిలో అదొకటి. మృతుల్లో ఆ ఏరియా రక్షణాధికారి కూడా ఉన్నారు. రక్షణ చూడాల్సిన మనిషే పోయిన ఆ ఘటన బొగ్గు బెల్టులో చాలాకాలం చర్చకు వచ్చింది.

షిఫ్టు మొదలయ్యే తీరు

భూగర్భ గనిలో రక్షణ సంస్కృతి ఎలా ఉందో తెలియాలంటే షిఫ్టు మొదలయ్యే ముందు జరిగే పనులు చూడాలి. కార్మికుడు మస్టర్ పడ్డాక ల్యాంప్ రూమ్‌కు వెళ్లి క్యాప్ ల్యాంప్, సెల్ఫ్ రెస్క్యూయర్ తీసుకుంటాడు. నడుముకు తగిలించుకునే ఈ డబ్బా, గనిలో మంట గానీ విషవాయువు గానీ వ్యాపించినప్పుడు బయటపడేదాకా ఊపిరి నిలుపుతుంది. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకుండా ఒళ్లు తడిమి చూస్తారు. ఏళ్ల తరబడి ముఖపరిచయం ఉన్న మనిషిని రోజూ తడిమి చూడడం ఇద్దరికీ ఇబ్బందే. ఆ మొహమాటానికి లొంగిన చోట తనిఖీ వట్టి తంతుగా మిగులుతుంది.

అప్పటికే మైనింగ్ సర్దార్ లోపల తిరిగి వస్తాడు. సర్దార్ అంటే డీజీఎంఎస్ పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ పొందినవాడు, తన కింది జిల్లాలో ప్రతి మనిషికీ చట్టప్రకారం జవాబుదారీ అయినవాడు. (గనిలో ‘జిల్లా’ అంటే ఒక పని ప్రాంతం.) షిఫ్టుకు ముందు రెండు గంటల లోపల అతను ఆ ప్రాంతమంతా చూసి రావాలి. మీథేన్ ఉందో లేదో చూస్తాడు, గాలి ఆడుతోందో లేదో చూస్తాడు, చేతికర్రతో పైకప్పును తట్టి వింటాడు. కుమ్మరి దగ్గర కుండను తట్టి చూసినట్టే ఇది. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి బొదబొదమంటుంది. విడిన రాయిని గడ్డపారతో కిందికి రాల్చే పనిని డ్రెస్సింగ్ అంటారు. అదయ్యేదాకా దాని కింద ఎవరూ నిలబడకూడదు. చూసినదంతా రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాక, షిఫ్టు పని మొదలవుతుంది.

ఈ రిజిస్టర్ నిజం చెప్పినంత కాలమే మిగతా ఏర్పాట్లన్నీ పనిచేస్తాయి. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 2010 ఏప్రిల్ 5న పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. అక్కడ లోపాల నమోదుకు రెండు రకాల పుస్తకాలు నడిచాయని దర్యాప్తులో తేలింది. ఒకటి కంపెనీ సొంతానికి, రెండోది ఇన్‌స్పెక్టర్లకు చూపడానికి. ప్రమాదం ఎక్కడుందో ఆ గనికి తెలుసు, బయటివాళ్లకు తెలియనివ్వలేదంతే.

గాలి, నీరు, పైకప్పు

గని నిబంధనల్లోని అంకెలు పైకి పొడిపొడిగా ఉంటాయి కానీ, ఒక్కొక్కదాని వెనక ఒక ప్రమాదాల చరిత్ర ఉంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగిలినప్పుడు పేలుతుంది. అందుకే పనిస్థలంలో ఎక్కడా అది 1.25 శాతం దాటకూడదన్నారు. ఒక షిఫ్టులో అత్యధికంగా ఎంతమంది దిగుతారో లెక్కగట్టి మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల చొప్పున, లేదా రోజు తీసే బొగ్గును బట్టి టన్నుకు 2.5 ఘనపు మీటర్ల చొప్పున గాలి పంపాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఆక్సిజన్ 19 శాతం కన్నా తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం మించకూడదు. ఉక్కపోతకూ హద్దు ఉంది. తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటిన చోట పని చేయించకూడదు. గోదావరి లోయ గనుల్లో లోతుకు పోయినకొద్దీ ఈ నిబంధన విలువ తెలుస్తుంది. వడలిపోయిన మనిషికి పైకప్పు చప్పుడు వినిపించదు.

నీటి విషయంలో గండం ఎక్కువగా పాత తవ్వకాల నుంచే వస్తుంది. ఎప్పుడో వదిలేసిన గనిలో నీరు చేరుతుంది. దాని సరిహద్దు నకాశాలో ఒకచోట, నేల అడుగున మరోచోట ఉండొచ్చు. అందుకే పాత తవ్వకాలకు 60 మీటర్ల దూరంలోకి పోవాలంటే ముందుగా అనుమతి పొందాలి, తవ్వే ముఖానికి ముందు బోరు వేసుకుంటూ పోవాలి. బోరు వేసేంతసేపు బొగ్గు రాదు. ఉత్పత్తికీ రక్షణకూ తగాదా వచ్చేది ఇక్కడే, ఇలాంటి రోజువారీ చిన్న ఆలస్యాల దగ్గరే.

దేశంలోని భూగర్భ గనుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది పైకప్పు. పిల్లర్లు వదిలి బొగ్గు తవ్వుకుంటూ పోయి, చివర్లో ఆ పిల్లర్లను కూడా తీస్తూ వెనక్కి రావడం సింగరేణిలోని పాత పద్ధతి. పిల్లర్ తీసిన చోటు గోఫ్ అవుతుంది. గోఫ్ ఎలాగూ కూలుతుంది, కూలాలి కూడా. ఎప్పుడు కూలుతుందన్నదే ప్రశ్న. కర్ర దిమ్మెల కాలంలో దిమ్మె చిటపటలాడడమే హెచ్చరిక. అనుభవజ్ఞుడైన సపోర్ట్‌మన్ ఆ చప్పుడు విని ముఠాను వెనక్కి తెచ్చేవాడు. ఇనుప బోల్టులు, హైడ్రాలిక్ ఆధారాలు బలంలో చాలా మెరుగు, కానీ అలా మాట్లాడవు. ఆ లోటు పూడ్చడానికి రాతి కదలికను కొలిచే పరికరాలు పెట్టారు. పరికరం చూపిన అంకెను చదివి మనుషుల్ని వెనక్కి పిలిచే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం ఇప్పటికీ యాజమాన్య విధానం తేల్చాల్సిందే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1994 ఆగస్టు 7న మౌరా గనిలో 11 మంది చనిపోయాక అక్కడి ఆలోచన మలుపు తిరిగింది. ప్రతి గనీ తన ముప్పును తానే అంచనా వేసి, ఎదుర్కొనే పథకం రాసుకోవాలన్నారు. 2017 బొగ్గు గనుల నిబంధనలతో రక్షణ నిర్వహణ పథకం భారత్‌లోనూ తప్పనిసరైంది. ఉద్దేశం మంచిదే. కాకపోతే పక్క గని పథకాన్ని తెచ్చి పేరు మార్చి దాఖలు చేస్తే దానివల్ల ఒరిగేది కాగితం బరువే. తవ్వే ముఖం దగ్గర పనిచేసే కోల్‌కట్టర్, సపోర్ట్‌మన్, ఎలక్ట్రీషియన్ కూర్చుని రాసిన పథకంలోనే ఆ గని తాలూకు అసలు గండాలు కనిపిస్తాయి.

ఎవరు పని ఆపగలరు?

500 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి గనిలో ముగ్గురు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉండాలని గనుల రూల్స్ చెబుతాయి. మైనింగ్, మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాలకు ఒక్కొక్కరు. కార్మికుల్లోంచి వచ్చి, గని అంతా తిరిగి చూసి, లోపాలను పుస్తకంలో రాసే హక్కు వీరికి ఉంది. 100 మందికి మించిన గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో ఆమోదించిన 176వ ఒడంబడిక ఇంకో అడుగు ముందుకు వేసి, తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపించిన చోటు నుంచి తప్పుకునే హక్కు గని కార్మికుడిదేనంది.

హక్కు కాగితం మీద ఉండడం వేరు, మధ్యాహ్నం షిఫ్టులో ఓవర్‌మన్ (సర్దార్ పై పర్యవేక్షకుడు) ఎదురుగా దాన్ని వాడుకోవడం వేరు. ‘కప్పు బాగాలేదు సార్’ అన్న కార్మికుడికి మర్నాడు కష్టమైన పని పడితే, ఆ కబురు సాయంత్రానికల్లా కాలనీ అంతా చేరుతుంది. ఇక ఏడాది పాటు ఎవరూ నోరు విప్పరు. ఓవర్‌మన్ వచ్చి స్వయంగా కప్పు తట్టి చూసి, బాగానే ఉందని తేలినా ‘చెప్పడం మంచిదైంది’ అంటే ఆ మాటా అంతే వేగంగా పాకుతుంది. రక్షణ వారోత్సవాల ఉపన్యాసాలకన్నా ఇలాంటి ఒక్క సంఘటనే కార్మికుల మనసులో ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రమాదాల లెక్కకూ ఇలాంటి చిక్కే ఉంది. గాయపడిన మనిషి 72 గంటలు, అంతకు మించి పనికి దూరమైతే 1952 గనుల చట్టం ప్రకారం అది నివేదించాల్సిన గాయంగా లెక్కకు వచ్చేది. మూడో రోజుకే అతన్ని పిలిచి పైన తేలికపాటి పని అప్పగిస్తే లెక్కలో గాయం మాయమయ్యేది. ప్రమాదాలు లేని గనికి బహుమతి ఇచ్చే పద్ధతి ఎక్కడ ఉన్నా ఈ ఆశ వెంటే ఉంటుంది. అందువల్ల సున్నా గాయాలు చూపే గని అన్నిసార్లూ మంచి గని కాదు. త్రుటిలో తప్పిన గండాలు ఎక్కువగా నమోదవుతున్న గని మేలని ఈ రంగంలో అనుభవం ఉన్నవారు చెబుతారు.

ఊపిరి, నిద్ర, ఇల్లు

కప్పు కూలితే పత్రికల్లో వస్తుంది. దుమ్ము చంపితే రాదు. బొగ్గు దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుని న్యూమోకోనియోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానికి మందు లేదు, రాకుండా చూసుకోవడమే మార్గం. అమెరికాలో 1968లో ఫార్మింగ్టన్ గనిలో 78 మంది చనిపోయాక మరుసటి ఏడాది చేసిన చట్టం, పేలుళ్లతో పాటు దుమ్మునూ పట్టించుకుంది. భారత్‌లో పీల్చే దుమ్ముకు ఘనపు మీటరుకు 3 మిల్లీగ్రాములుగా ఉన్న పరిమితిని 2017 నిబంధనలు 2 మిల్లీగ్రాములకు తగ్గించాయి. తవ్వేచోట నీళ్లు చిమ్మడం, తడి డ్రిల్లింగ్ దీనికి ప్రధాన ఉపాయాలు. కార్మికులకు నిర్ణీత కాలానికోసారి ఛాతీ ఎక్స్‌రేతో సహా వైద్య పరీక్ష చేయాలి.

సింగరేణిలో ఈ వైద్య పరీక్ష చుట్టూ ఆరోగ్యానికి మించిన చర్చ నడుస్తుంది. వైద్యపరంగా అనర్హుడని తేలిన కార్మికుడి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం దొరికే పద్ధతి ఉండడంతో, మెడికల్ బోర్డు తీర్పు ఇంటిల్లిపాది బతుకుదెరువు ప్రశ్న అవుతుంది. ఒంట్లో బాగాలేని కార్మికుడు జబ్బును ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అని లెక్కలు వేసుకునే పరిస్థితి వస్తే వైద్యం వెనకబడుతుంది. సంక్షేమ పథకం, ఆరోగ్య పర్యవేక్షణ ఒకదానికొకటి అడ్డుపడే ఈ చిక్కును ఇంతవరకు ఎవరూ సరిగా విప్పలేదు.

1952 గనుల చట్టం భూగర్భంలో రోజు పనిని 8 గంటలకు కట్టడి చేసింది. క్యాంటీన్, విశ్రాంతి గది, తల్లులకు శిశు సంరక్షణ కేంద్రం, 500 మంది ఉంటే సంక్షేమాధికారి అప్పట్లో తప్పనిసరి చేశారు. మారే షిఫ్టుల్లో నిద్ర చెడడం గురించి మాత్రం చట్టం చెప్పింది తక్కువ. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు ఎండాకాలంలో రేకుల కప్పు కింద పగలు ఎంతసేపు నిద్రపోగలడో, ఆ రాత్రి అతను డంపర్ ఎంత జాగ్రత్తగా నడుపుతాడో రెండూ ఒకే ప్రశ్న. క్వార్టర్, నీళ్లు, కరెంటు గని రక్షణలో భాగమేనని దీన్నిబట్టి చెప్పొచ్చు. పనిచోట మానసిక ఆరోగ్యం గురించి 2021లో ఐఎస్‌ఓ 45003 అనే మార్గదర్శకం వచ్చింది. మంచిర్యాల, గోదావరిఖని కాలనీల్లో ఇలాంటి పని చాలావరకు ఇరుగుపొరుగు, యూనియన్ ఆఫీసు చేస్తూ వచ్చాయి. తాగుడు, అప్పులు, గైర్హాజరీ ఒకదాన్నొకటి లాక్కొస్తాయని అక్కడి సర్దార్లకు తెలుసు. తూలుతూ వచ్చినవాణ్ణి గని దిగనివ్వకపోవడమే వారి తొలి రక్షణ చర్య.

ఆడవారి సంగతి వేరే చరిత్ర. 1937 కల్లా వారిని భూగర్భ పని నుంచి పూర్తిగా తప్పించారు. యుద్ధకాలంలో 1943 నుంచి కొన్నాళ్లు మళ్లీ దించి, 1946లో మళ్లీ నిషేధించారు. 2019లో కేంద్రం కొన్ని షరతులతో, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటి వేళ అనుమతించింది.

రెస్క్యూ

ప్రమాదం జరిగాక లోపలికి వెళ్లేవాళ్ల పద్ధతిని 1985 గనుల రెస్క్యూ రూల్స్ నిర్దేశిస్తాయి. రాణిగంజ్‌లోని మహాబీర్ గనిలో 1989 నవంబర్‌లో నీరు చేరినప్పుడు, బోరు ద్వారా ఉక్కు గుళికను దించి 65 మందిని ఒక్కొక్కరిగా పైకి తెచ్చారు. ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ తానే ఆ గుళికలో కిందికి దిగాడు. సింగరేణి రెస్క్యూ దళాల నైపుణ్యం బొగ్గుకే పరిమితం కాలేదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు ఈ దళాలనూ రంగంలోకి దించారు.

ఓపెన్‌కాస్ట్, కాంట్రాక్టు

సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి వస్తోంది. అక్కడ పైకప్పు లేదు. డంపర్లు, కుంగే మట్టికట్టలు, పేలుళ్లు ఉన్నాయి. వెనక్కి వస్తున్న డంపర్ డ్రైవర్‌కు తన చక్రం పక్కనున్న మనిషి కనపడడు. హారన్, కెమెరా, విడిగా నడకదారి, వేగ పరిమితి ఇందుకే. మట్టి తొలగించే పని చాలావరకు కాంట్రాక్టర్లది. కాంట్రాక్టు డ్రైవర్ ట్రిప్పుల లెక్కన ఆలోచిస్తాడు, ఏడాది తిరక్కుండానే మారిపోతాడు, సేఫ్టీ కమిటీలో అతనికి చోటు అరుదు. పర్మినెంట్ కార్మికులు తరాలుగా పెంచుకున్న అలవాట్లు అతనికి అందవు. దేశంలో గని రక్షణకు ఇప్పుడున్న పెద్ద బలహీనత ఇదే.

1952 గనుల చట్టంతో సహా 13 చట్టాలను కలిపి 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పేరు మారినా గని యజమాని, ఏజెంట్, మేనేజర్ల బాధ్యత కాంట్రాక్టర్‌కు బదిలీ కాదు. కొత్తగా గనిలో చేరిన ప్రతి మనిషికీ పనిలో దించేముందు శిక్షణ ఇవ్వాలని 1966 నాటి వృత్తి శిక్షణ రూల్స్ అంటాయి. ఆ రూల్స్‌లో కంపెనీ మనిషి, కాంట్రాక్టు మనిషి అన్న తేడా లేదు.